మనాలికి మనిషికో బ్యాగు సరిపోతుందా? అనంతపురం నుంచి పోతాండాం, పోయొచ్చినోళ్ళు చెప్పండి

అనంత_సుజి:

అందరికీ నమస్తే. మాది అనంతపురం. సంక్రాంతి సెలవుల్లో సిమ్లా, మనాలి పోదామని టికెట్లు చేసేసినాం, నేను, మా ఆయన, ఎనిమిదేండ్ల పాప, మా అత్తమ్మ. పోయేటప్పుడు కర్ణాటక ఎక్స్‌ప్రెస్, మన స్టేషన్లోనే ఎక్కి రెండు రాత్రులు పడుకుంటే ఢిల్లీ వచ్చేస్తుంది. వచ్చేటప్పుడు స్కూలు తెరిచేస్తారని ఢిల్లీ నుంచి బెంగళూరుకి ఫ్లైట్. మధ్యలో రాత్రి బస్సు, ట్యాక్సీ, రెండు హోటళ్ళు. ఈ తొమ్మిది రోజుల్లో లగేజీ ఎన్నిసార్లు ఎక్కించి దించాల్నో లెక్కేసుకుంటే నాకిప్పుడే నడుం నొప్పి వస్తాంది.

పోయినసారి ఊటీకి నలుగురికి ఆరు బ్యాగులు మోసినాం, దాంట్లో ఒక సూట్‌కేసు తాళం కూడా తియ్యకుండానే ఇంటికి తెచ్చినాం. అందుకే మా ఆయన ఈసారి చెప్పేసినాడు, మనిషికి ఒకే బ్యాగు, ఎవరిది వాళ్ళే మోసుకోవాల, అత్తమ్మది ఆయన మోస్తాడంట (చూస్తాం).

సరేనని మంచం మీద గుడ్డలు పరిచి చూస్తే నా ఒక్కదానివే రెండు బ్యాగులకి వచ్చినాయి. మూడు జీన్సులు, రెండు లావు స్వెటర్లు, ఒక జర్కిన్, రోజుకొకటి లెక్కన తొమ్మిది టాపులు, నైటీలు, టర్కీ టవల్. ఏది తీసేద్దామన్నా "ఆడ చలికి ఇది లేకపోతే ఎట్ల" అనిపిస్తాంది. మనకి జనవరిలో పొద్దన్నే 17 డిగ్రీలకి వస్తేనే చెవులకి మఫ్లర్ చుట్టుకునే జనం, ఆడ సున్నా కిందికి పోతుందంట. మా అత్తమ్మ చీర తప్ప కట్టదు, దానికేం చెయ్యాల్నో అస్సలు తెలీడంలేదు. ఇంగ లాస్ట్‌ది, నవ్వొద్దండి, ఒకే జర్కిన్ వేసుకుంటే అన్ని ఫోటోల్లో అదే కనపడుతుంది కదా?

రాయదుర్గం_జీన్సన్న:

అక్కా మాది రాయదుర్గం. మా ఊర్లో ఇంటికొక మిషను, వీధికొక జీన్స్ యూనిట్టు, మేం బతికేదే ఆ గుడ్డ మీద. అట్లాంటి నేనే చెప్తాండా, ఆ మూడు జీన్సులు బ్యాగులోనుంచి తీసెయ్. ఒక్కటంటే ఒక్కటి కూడా వద్దు.

యాలంటే జీన్స్ అంటే ఏంది, పత్తి. అదీ మందంగా నేసిన పత్తి. పత్తి నీళ్ళు తాగినంత బిరీన ఇంకేదీ తాగదు, తాగినాక వదలదు. మేం వాషింగ్ చేసి వేస్తే మన మే నెల ఎండలో కూడా నడుం పట్టీ, జేబుల తావ సాయంత్రం దాకా తడిగానే ఉంటాది, ఇంగ మంచులో కూర్చోని ఆడుకున్నాక హోటల్ రూములో ఎప్పుడు ఆరల్ల? రాత్రికి తగిలిస్తే పొద్దన్నే రేకు మాదిరి బిగుసుకోని ఉంటాది. తడి జీన్స్ కాలికి అతుక్కుంటే వేసుకోకుండా ఉన్నదే మేలు అన్నంత చలి పుడతాది. ఇది చాలదన్నట్టు బరువు, మామూలు ప్యాంటు ఒకటి కాటా మీద పెడితే ఆరేడు వందల గ్రాములు చూపిస్తాది, మూడు పెట్టినావంటే రెండు కేజీలు ఆడికే అయిపాయె.

దాని బదులు పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు మాదిరివి, లోపల ఫ్లీస్ అని మెత్తటి బొచ్చు గుడ్డ ఉండేవి దొరుకుతాయి, నల్లది ఒకటి, ముదురు బూడిద రంగుది ఒకటి. పాలిస్టర్ దారం ఒక పర్సెంటు నీళ్ళు కూడా తాగదు, దులిపి తగిలిస్తే పొద్దున్నకి ఆరిపోతాది. ఆ రెండిటి మీదికి ఏ టాపు వేసినా కుదురుతాది. మా వ్యాపారానికి నేనే అడ్డం పడతాండా అని మా తమ్ముడు చదివితే తిడతాడు, ఏమనుకోనీ.

మాజీ_హవల్దార్_కడప:

తల్లీ, నేను లడాఖ్‌లోని లేహ్‌లో రెండు చలికాలాలు డ్యూటీ చేసినోన్ని. ఇప్పుడు కడపలో ఇంటి దగ్గరే ఉంటా. నువ్వు రాసింది చూస్తే ఒక పొరపాటు కనపడతాంది, లావు స్వెటర్లు రెండు అన్నావు చూడు, అదీ. చలిని ఆపేది గుడ్డకీ గుడ్డకీ మధ్య ఇరుక్కున్న గాలి. ఒక లావు స్వెటర్ కంటే సన్నవి మూడు ఒకదాని మీద ఒకటి వేస్తే వెచ్చగా ఉంటాది, పైగా ఎండొస్తే ఒకటి తియ్యొచ్చు, సాయంత్రం మళ్ళీ వేసుకోవచ్చు. లావుదైతే వేసుకుంటే చెమట, తీస్తే చలి, రెండే దారులు.

మూడు పొరలంటే ఒంటికి అతుక్కునుండే థర్మల్, అంటే లోపల వేసుకునే చలి బనీను, ప్యాంటు, దాని మీద ఫ్లీస్ గానీ సన్న ఉన్ని స్వెటర్ గానీ, అన్నిటికంటే పైన గాలీ తడీ దూరనియ్యని జర్కిన్. ఈ మూడోది మాత్రం కొంచెం వదులుగా కొను, ఒక సైజు పెద్దది, కిందవి నలిగిపోతే మధ్యలో గాలి ఉండదు, వేసి లాభం లేదు. థర్మల్ జతలు రెండు చాలు, ఒకటి ఒంటి మీద ఒకటి ఆరేసేది. థర్మల్‌లో కాటన్ కలిసినవి మన అంగళ్ళల్లో చవగ్గా అమ్ముతారు, అవి ఊర్లో తిరగడానికి సరే గానీ మంచులో నడిచే రోజుకి వద్దు, చెమటకి తడిసి ఈపుకి అతుక్కుంటాయి. మాకు ట్రైనింగులో మొదట చెప్పిన మాట, చెమట పట్టేదాకా ఆగొద్దు, కొండ ఎక్కేముందే ఒక పొర తీసి నడుముకి కట్టుకో అని. కొత్తోళ్ళు ఎవరూ వినరు, ఎక్కినాక వణుకుతారు.

కాళ్ళ సంగతి. సాక్సులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసి బిగుతు షూలో దూర్చుకుంటారు జనం, అప్పుడు రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ఒకటే ఉన్ని సాక్సు, వేళ్ళు కదిలేంత చోటుండే షూ. మూడు జతలు పెట్టుకో, అందులో ఒకటి రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే, దాంతో బయట అడుగు పెట్టొద్దు. ఏం జరిగినా రాత్రికి పొడి సాక్సు ఒకటుందనే ధైర్యం ఉండాల.

మనాలి 2,050 మీటర్ల ఎత్తు. ఆడినుంచి అటల్ టన్నెల్ దాటి సిస్సు పోతే మూడు వేలు దాటుతాది, వెయ్యి మీటర్లకి ఆరేడు డిగ్రీలు తగ్గుతాది అనుకో. మాల్ రోడ్డులో బాగానే ఉంది కదా అని ఒక పొర రూములో వదిలేసి పోయినోళ్ళు టన్నెల్ అవతల దిగినాక తిరిగి కారెక్కేస్తారు. టన్నెల్ 9 కిలోమీటర్లే, పది పదిహేను నిమిషాల్లో వాతావరణం మారిపోతాది.

బుడ్డల_చిక్కి:

సుజీ, మాది ప్రొద్దుటూరు, పోయిన జనవరిలోనే మా అమ్మని తీసుకోని పోయొచ్చినాం, ఆమె కూడా నీ అత్తమ్మ మాదిరే, చీర తప్ప ఇంకోటి ముట్టదు. చీర విషయం నన్నడుగు.

లంగా కింద థర్మల్ ప్యాంటు, అది ఎవరికీ కనపడదు కాబట్టి పెద్దోళ్ళు ఒప్పుకుంటారు. జాకెట్టు మీద ఫుల్ చేతుల థర్మల్ వేసి, దాని మీద చీర కొంగు, దాని మీద ముందర బటన్లుండే పొడుగు స్వెటర్. జాకెట్టు రంగు థర్మల్ దొరికితే ఇంకా మంచిది, మేం మెరూన్ కొన్నాం, చూసినోళ్ళు ఫుల్ హ్యాండ్ జాకెట్టే అనుకున్నారు. తల మీదినుంచి దూర్చే స్వెటర్ పెద్దోళ్ళకి వద్దు, జుట్టు, కమ్మలు, కొంగు అన్నీ చిక్కుకోని విసుక్కుంటారు. చీరలు కాటన్‌వి వద్దు, సాదా పాలిస్టర్‌వి మూడు చాలు, ఉతికితే ఫ్యాను గాలికే ఆరిపోతాయి. పట్టు చీర అసలొద్దు, మా అమ్మ హిడింబా దేవి గుడికి కడతానని ధర్మవరం చీర పెట్టుకోనొచ్చింది, ఆడ దేవదారు చెట్ల కింద మంచు కరిగి బురద బురదగా ఉండాది, కుచ్చిళ్ళు రెండు చేతులతో ఎత్తి పట్టుకోనే నడిచింది పాపం, దేవుని తావ దండం పెట్టడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. మంచులోకి దిగే రోజు మాత్రం చీర కొంచెం పైకి కట్టి గమ్‌బూట్లు వేయించినాం, బూట్లు ఆడ బాడుగకి దొరుకుతాయి. ఆ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో టీవీ మీద ఉంది. చెప్పుల్లోకి బొటనవేలు విడిగా ఉండే సాక్సులు కూడా కొను, షూ వేసుకోనంటే కనీసం అవి ఉంటాయి.

నైటీలు తీసెయ్, ఆ చలికి నైటీ ఎవరేసుకుంటారు, రెండో జత థర్మలే నైట్ డ్రస్సు. టర్కీ టవల్ కూడా తీసెయ్, హోటల్లో ఇస్తారు, అయినా నమ్మకం లేకపోతే సన్న తుండుగుడ్డ పెట్టుకో, అరగంటలో ఆరుతాది. ఆ తుండుగుడ్డతోనే ఇంకో పని, రాత్రి థర్మల్ షాంపూ ప్యాకెట్టుతో జాడించి, తుండుగుడ్డలో చుట్టి గట్టిగా పిండితే సగం తడి దానికే పోతాది, మిగిలింది తెల్లారేసరికి ఆరుతాది. హీటర్ మీద మాత్రం ఆరేయొద్దు, మా పక్క రూమోళ్ళు అట్లే చేసి సాక్సు కాల్చుకున్నారు. హీటర్‌కి కొన్ని చోట్ల రోజుకింతని విడిగా డబ్బులడుగుతారు, రూము బుక్ చేసేటప్పుడే అడుగు.

ఫోటోల సంగతికి నేను నవ్వను, నాదీ అదే బాధ. జర్కిన్ ఒకటే, కానీ టోపీలు రెండు, మెడకి చుట్టుకునేవి మూడు, ఎర్రది, పసుపుది, ఒక పూలది. మూడూ కలిపి పావుకేజీ ఉండవు. ఫోటోలో మొహం చుట్టూ ఉండేదే కనపడుతుంది. జర్కిన్ మాత్రం నల్లదో నీలందో తీసుకో, మీద ఏ రంగు చుట్టినా కలుస్తాది.

అనంత_సుజి:

అయ్యో ఇంత రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. జీన్సన్నా, మూడూ తీసేసినా, మా ఆయన మాత్రం తనదొకటి రైల్లో వేసుకోడానికి అని దాచిపెట్టినాడు. హవల్దార్ సార్, థర్మల్స్ యాడ కొనమంటారు, ఈడే కొనాల్నా ఢిల్లీలో దిగినాక కొనాల్నా? ఆన్‌లైన్లో చూస్తే రేట్లు నానారకాలుగా ఉండాయి. ఇంగ పాపకి జర్కిన్ కొంటే వచ్చే ఏడాదికి చిన్నదైపోతుంది, బాడుగకి తీసుకుంటే సరిపోతుందా?

కేసీ_కెనాల్:

నాది కర్నూలు. అందరూ తగ్గించు తగ్గించు అంటాండారు గానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతా, తిట్టుకోవద్దు. తగ్గించాల్సింది పెద్దోళ్ళవి, పిల్లలవి కాదు. మేం పోయినప్పుడు ఘాట్ రోడ్డులో మా వాడు రెండుసార్లు కక్కినాడు, మొదటిసారి వాడి మీద, రెండోసారి నా మీద. స్పేర్ గుడ్డలున్న బ్యాగు బస్సు టాపు మీద, రాత్రి రెండు గంటలకి ఎవడు తీస్తాడు. పొద్దన్న దిగి చూస్తే టార్పాలిన్ సరిగ్గా కప్పలేదు, పైన ఉన్న బ్యాగులన్నీ మంచుకి తడిసిపోయినాయి. ఆ ట్రావెల్స్ వాడినడిగితే "పైన పెడితే తడవదా సార్" అని మమ్మల్నే ఎదురడిగినాడు.

అప్పట్నుంచి రెండు పనులు చేస్తా. బ్యాగులో గుడ్డలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి గాలి పిండేసి ముడేస్తా, తడవదు, చోటు కూడా తగ్గుతాది. ఈ వ్యాక్యూమ్ బ్యాగులని అమ్ముతారు చూడండి, అవి ఇంట్లో మిషనుతో బాగా చిన్నగా అవుతాయి, తిరుగు ప్రయాణంలో మనాలి హోటల్లో వ్యాక్యూమ్ క్లీనర్ ఎవరిస్తారు? పైగా సైజు తగ్గుతాది గానీ బరువు ఒక గ్రాము కూడా తగ్గదు, ఫ్లైట్లో కాటా వేసేటప్పుడు తెలుస్తాది. రెండోది, పాపది ఒక ఫుల్ సెట్టు, థర్మల్ నుంచి సాక్సుల దాకా, చేతి సంచిలో నీ దగ్గరే పెట్టుకో. గ్లౌజులు పిల్లలకి రెండు జతలు, ఒకటి ఖచ్చితంగా పారేసుకుంటారు. ఉన్నివి మంచు ముట్టుకోగానే తడుస్తాయి, పైన రెక్సిన్ మాదిరి ఉండేవి కొను.

బాడుగ గురించి. మనాలి నుంచి సోలాంగ్ పోయే రోడ్డు పొడుగునా మంచు సూట్లు, బూట్లు బాడుగకిచ్చే అంగళ్ళే. ట్యాక్సీ డ్రైవర్ తనకి తెలిసిన అంగడి తావే ఆపుతాడు, అది మీకు తెలిసిందే. మంచులో ఆడే ఒక్క రోజుకి అది చాలు, పైనుంచి కింది దాకా ఒకటే సూటు, మన గుడ్డలు తడవవు. కానీ అందరేసుకున్నవి, ముందురోజు తడి లోపల అట్లే ఉంటాది కొన్నిటికి, చెయ్యి పెట్టి చూసి తీసుకోండి. మిగతా రోజులకి పాపకి సొంత జర్కిన్ ఉండాల్సిందే. చిన్నదైపోతుందని బాధెందుకు, చుట్టాల పిల్లోళ్ళది అడిగి తీసుకో, మన సైడు ఎవరింట్లో చూసినా ఒకసారి వేసి బీరువాలో పెట్టిన జర్కిన్ ఒకటుంటాది.

మాజీ_హవల్దార్_కడప:

కర్నూలాయన పిల్లల గురించి చెప్పింది నిజమే, ఒప్పుకుంటా. కొనే సంగతి, ఢిల్లీ దాకా ఆగొద్దు తల్లీ. జనవరిలో ఢిల్లీలో రైలు దిగేటప్పటికే పొగమంచు, ఏడెనిమిది డిగ్రీలుంటాది. పైగా పొగమంచుకి రైలు లేటైతే మీకు అంగళ్ళు తిరిగే టైము ఉండదు, రాత్రి బస్సు పట్టుకోవాల్సిందే. చలికాలం వచ్చిందంటే మన టౌన్లలో టిబెటన్లు స్వెటర్ల అంగళ్ళు పెడతారు కదా, ఆడ చూడు. వాళ్ళ సరుకు చానా వరకు లూధియానా నుంచి వచ్చేదే, చెయ్యి పెట్టి సాగదీసి చూసి కొనొచ్చు, పాప కొలతకి వేసి చూడొచ్చు. జర్కిన్ మాత్రం కొంచెం డబ్బు పెట్టి మంచిది కొనండి. ఈకలు నింపినవి బాగా తేలిగ్గా ఉంటాయి, పిడికెడంత అవుతాయి, కానీ తడిస్తే ఈకలు ముద్ద కట్టి వెచ్చదనం పోతాది. మంచులో ఆడే పిల్లోళ్ళున్న ఇంటికి సింథటిక్ ఫైబర్ నింపినవే మేలు.

ఫ్లైట్ రోజు అన్నిటికంటే బరువైన జర్కిన్, షూ ఒంటి మీదే వేసుకోండి. హ్యాండ్ బ్యాగు ఏడు కేజీలే, ఒంటి మీది గుడ్డలు కాటా వెయ్యరు. పవర్ బ్యాంకు కూడా చేతి సంచిలోనే, లగేజీలో వేస్తే తీయిస్తారు. చలికి ఫోను చార్జింగు తొందరగా దిగిపోతాది, లోపలి జేబులో ఒంటికి దగ్గరగా పెట్టుకుంటే కొంచెం నిలబడతాది.

రాయదుర్గం_జీన్సన్న:

హవల్దార్ సార్ చెప్పినట్టు చెయ్ అక్కా. ఇంకోటి మర్చిపోతిమి, బ్యాగులో కొంచెం చోటు ఖాళీగా వదులు. కులు శాలువాలు చూసి కొనకుండా వచ్చిన ఆడోళ్ళని నేను చూడలేదు. బావ జీన్స్ రైల్లో వేసుకుంటానంటే వేసుకోనియ్, ఢిల్లీలో దిగినాక కవర్లో పెట్టి అడుక్కి తోసెయ్, మళ్ళీ ఫ్లైట్ దిగినప్పుడే తియ్యాల.

బుడ్డల_చిక్కి:

కొబ్బరినూనె డబ్బా పెట్టుకోవద్దు, మన ఊర్లోనే జనవరి పొద్దన్నే గడ్డకడుతుంది, ఆడ రాయి అయిపోతాది, స్పూనుతో గీకినా రాదు. వ్యాజిలిన్ చిన్న డబ్బా ఒకటి, పెదాలకి కాళ్ళకి మొహానికి అదే. తినేదానికి ఏం పెట్టుకుంటాండావు? నిప్పట్లు, బుడ్డల చిక్కి బరువే గానీ తింటా పోతే తగ్గే బరువు, శాలువాకి చోటు దాంట్లోనుంచే వస్తాది.

అనంత_సుజి:

అప్‌డేట్ పెడతాండా. నిన్న రాత్రి అన్నీ సర్ది పొద్దన్నే మా వీధి కిరాణా అంగట్లో కాటా మీద పెట్టినాం, అంగడాయన నవ్వినాడు గానీ వేసినాడు. నాది 6 కేజీల 400, మా ఆయనది 7కి కొంచెం తక్కువ, పాపది 4, దాంట్లో సగం రంగు పెన్సిళ్ళు, బొమ్మ. రెండు ప్యాంట్లు, రెండు థర్మల్ జతలు, ఒక ఫ్లీస్, ఒక సన్న స్వెటర్, నాలుగు టాపులు, ముదురు నీలం జర్కిన్. తొమ్మిదిలో ఐదు టాపులు తీసేటప్పుడు కొంచెం బాధేసింది, అబద్ధం చెప్పను. మెడకి చుట్టుకునేవి మాత్రం నాలుగు పెట్టినా, చిక్కి అక్కా మూడే చెప్పింది, తెలుసు.

అత్తమ్మ థర్మల్‌కి ఒప్పుకుంది, వేసుకోని అద్దంలో చూసుకోని "ఇదేందే కోతి చొక్కా మాదిరి" అనింది గానీ విప్పలేదు, వెచ్చగా ఉందని రాత్రి దాంతోనే పడుకుంది. కానీ ఆమె బ్యాగు తొమ్మిదిన్నర వచ్చింది. తెరిచి చూస్తే అడుగున కంబళి. వాళ్ళ నాయన కళ్యాణదుర్గం పక్కన కురువోళ్ళ దగ్గర నేయించుకున్న నల్ల కంబళంట, అదొక్కటే రెండున్నర కేజీలు. హోటల్లో రజాయిలిస్తారు అత్తమ్మా అంటే "ఎవరెవరు కప్పుకున్నాయో" అంటాది. రెండుసార్లు తీసి బీరువాలో పెట్టినా, రెండుసార్లూ మళ్ళీ బ్యాగులోకి వచ్చింది. ఇప్పుడేం చెయ్యమంటారు?

మాజీ_హవల్దార్_కడప:

రానియ్ తల్లీ. ఉన్ని, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటాది. బరువు సంగతి మీ ఆయన కదా మోసేది.

రాయదుర్గం_జీన్సన్న:

బావ జీన్స్ తీస్తే కంబళికి కొంచెం చోటు వస్తాది అక్కా.